ఇంగ్లీషు మాటల జతలు: తప్పించుకోవడం ఎన్ని విధాలు?

పదో తరగతి, ఇంటర్ చదివే మన పిల్లలకు ఇంగ్లీషు మాటలు చాలానే వచ్చు. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలియక తడబడుతుంటారు. తెలుగులో మనం బడి ఎగ్గొడతాం, మాట దాటవేస్తాం, అప్పిచ్చినవారికి ముఖం చాటేస్తాం. 'బడి చాటేశాడు' అంటే వినేవారు నవ్వుతారు. ఇంగ్లీషులోనూ అంతే. ఈ నెల అలాంటి జతలు కొన్ని చూద్దాం.

షర్క్: చేయవలసిన పనికి ఒళ్లు దాచుకోవడం. దీని పక్కన డ్యూటీ, రెస్పాన్సిబిలిటీ వస్తాయి. 'హి షర్క్స్ హిజ్ డ్యూటీ' అంటే మిరప కోతల నాడు చెట్టు నీడన కునుకు తీసే బాపతు.

డాడ్జ్: అడిగినదానికి జవాబివ్వకుండా తప్పుకోవడం. 'హి డాడ్జ్‌డ్ ద క్వశ్చన్.' పత్తి విత్తనం ఎందుకు మొలవలేదని అడిగితే వానల సంగతి ఎత్తే వ్యాపారి చేసేది ఇదే.

స్కిప్: క్లాసు, భోజనం, మీటింగు మానేయడం. ఇంట్లో చెప్పకుండా బడి ఎగ్గొడితే 'ప్లే ట్రూయంట్'. ఈ రెండు మాటల నడుమ 'ద' రాదు.

ఎవేడ్: 'ఎవేడ్ టాక్స్' అంటే పన్ను ఎగవేయడం. అది నేరం. చట్టానికి లోబడి పన్ను తగ్గించుకుంటే 'అవాయిడ్ టాక్స్' అంటారు. ఒక్క మాట తేడాతో మనిషి దోషి అయిపోతాడు.

డిఫాల్ట్: పక్కన 'ఆన్' ఉండాలి. 'హి డిఫాల్టెడ్ ఆన్ ద లోన్.' గడువుకు అప్పు కట్టలేదని మాత్రమే దీని అర్థం. ఎందుకు కట్టలేదో ఈ మాట చెప్పదు. గులాబీ రంగు పురుగు పత్తిని తినేస్తే చేతికేమీ రాని రైతుకూ ఇదే మాట. డబ్బుండీ కట్టనివానికి బ్యాంకులు 'విల్‌ఫుల్ డిఫాల్టర్' అని వేరే పేరు పెట్టాయి. కట్టలేనివాణ్ణి పట్టుకుని 'డాడ్జ్‌డ్' అని రాస్తే, అది వ్యాకరణ దోషం కాదు, నింద.

మాట చాటున బాధ్యత తప్పించుకోవడం మన గుంటూరు సీమ ఏనాడో చూసింది. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతపు 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షలమంది చనిపోయారని అంచనా. అధికార కాగితాలలో 'స్కేర్సిటీ', అంటే కొరత, అని రాసుకున్నారు. అప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 'ఫేమిన్', అంటే కరువు, అని రాశారు. అది పైవారికి రుచించలేదు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించినది ఆ బ్రౌన్ దొరే. ఆయన చేసినదాన్ని ఇంగ్లీషులో 'ఫేస్ ద ఫ్యాక్ట్స్' అంటారు. పై జతలన్నిటికీ ఇది ఎదురు జత.

తల్లిదండ్రులారా, ఈ వారం పిల్లలచేత జతకొక వాక్యం రాయించండి. మీ ఇంటి పని, మీ పొలం సంగతి పెట్టి రాయమనండి. అలా రాసినది పరీక్ష అయ్యాక కూడా మరచిపోరు.