నందిగామ కుర్రాడి నవల ఎవరు రాస్తారు?

ఈ వారం నాకు ఒళ్లు మండించింది తిట్టు కాదు, ఒక మెచ్చుకోలు. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగు తీసుకుంటున్న మా నాగాయలంక కుర్రాడొకడు హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివాడట. రేవు దగ్గర టీ కొట్లో కనబడి నవలని తెగ పొగిడాడు. బాగానే ఉంది. గ్లాసు బల్ల మీద పెడుతూ, ‘‘మన దగ్గర ఇలాంటివి జరగవులెండి మాస్టారూ’’ అన్నాడు.

జరగవా?

1960లో వచ్చిన ఆ నవల అలబామాలోని మేకోంబ్ అనే చిన్న ఊరి కథ. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద చెయ్యని అత్యాచారం మోపుతారు. అతని ఎడమచెయ్యి పనిచెయ్యదని, ఆ నేరం అతని వల్ల కాదని కోర్టులో అందరూ కళ్లారా చూస్తారు. అయినా జ్యూరీ దోషి అనే తేలుస్తుంది. మేకోంబ్ అచ్చంగా ఊహించిన ఊరు.

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం ఊహించిన ఊరు కాదు. 2007 డిసెంబరు 27న అక్కడి హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ దగ్గర అనాసాగరానికి చెందిన దళిత యువకుడు సత్యంబాబుని చూపించి, ఇతనే అన్నారు. ఇతను కాదు మొర్రో అని మొత్తుకున్నది ఎవరనుకున్నారు? కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే. 2010లో విజయవాడ మహిళా కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది. జైల్లో ఉండగా నరాల జబ్బుతో అతను నడవలేని స్థితికి వచ్చాడు. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది, ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకి పైగా లోపలున్న మనిషికి ఇది నెలకి వెయ్యి రూపాయలు కూడా పడని లెక్క. ఆ డబ్బుకి మా వైపు రొయ్యల చెరువు కాపలాకి మనిషి దొరకడు. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. అప్పటికే కోర్టులో ఉండాల్సిన వస్తుసాక్ష్యాలు ధ్వంసమైపోయాయని తేలింది. ఇది నవలలో రాస్తే ‘మరీ అతి’ అనేవాళ్లం.

మన సమస్యంతా ‘నిప్పు లేందే పొగ రాదు’ అన్న సామెతతోనే. ఆ సామెత అడ్డుపెట్టుకుని ఎవర్నయినా ముద్దాయిని చెయ్యొచ్చు. మా దివిసీమలో చెరువు గట్టు మీద ఏరేటర్ మోటారు పోయిందనుకోండి. తెల్లారేసరికి మనుషులు నేరుగా యానాదుల కాలనీకే వెళతారు. పీతల బుట్టలు కిందికి గుమ్మరిస్తారు, పాకలో చాపలు ఎత్తి చూస్తారు, ఒకర్నో ఇద్దర్నో బండెక్కిస్తారు. మోటారు ఎవరి షెడ్డుకి చేరిందో టీ కొట్లో సగం మందికి తెలుసు. చెప్పరు. చెబితే చెరువు లీజు పోతుంది, వడ్డీకి అప్పు పుట్టదు, పెళ్లిపిలుపు రాదు. చిన్న ఊళ్లో రహస్యమంటే ఇదే. అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. కృష్ణ అవతల బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సంగతి ఇంకా ఘోరం. అక్కడ నేరం మనిషి మీద కాదు, పుట్టుక మీదే మోపారు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం నీడలో 1913లో ఎరుకల వారికి ఆ సెటిల్‌మెంటు పెట్టారు. చట్టం 1952లో పోయింది. అనుమానం ఇంకా పోలేదు.

మరి మన నవల ఏది? రావిశాస్త్రి ప్లీడరు కాబట్టి కోర్టు మెట్ల మీద పేదవాడు ఎలా నలుగుతాడో చూసి రాశారు. ఆయన 1993లో పోయారు. ఇప్పుడు మనవాళ్లు బాల్యస్మృతులు రాస్తున్నారు, అమ్మమ్మగారి ఇంటి ఆవకాయ రాస్తున్నారు. రుచిగానే ఉంటాయి, కాదనను. విజయవాడ కోర్టు వరండాలో కూర్చుని ఆ తల్లులిద్దర్నీ, పోయిన పిల్ల తల్లినీ జైలుకెళ్లిన కుర్రాడి తల్లినీ, ఒక పుస్తకంలోకి తెచ్చేవాడు ఒక్కడూ లేడా?

రాసినా ఎక్కడ చదువుతారు? మన నాగాయలంక కుర్రాడు మాకింగ్‌బర్డ్‌ని చదివింది ఫోన్లో. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకి అవతలి గట్టున బ్యాంకు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. పల్లెటూరి రైతు రేవులోకి దిగి పుస్తకం మార్చుకునేవాడు. ఇప్పుడు ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఆ డబ్బు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకి జమ చెయ్యవన్న గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. కృష్ణాపత్రిక పుట్టిన బందరు ఉన్న మా జిల్లాలో పల్లె లైబ్రరీ అంటే నాలుగు దినపత్రికలు, పోటీ పరీక్షల గైడ్లు, మధ్యాహ్నం తాళం. మా పంచాయతీ సెస్సు ఎంత వసూలు చేసింది, అందులో ఎంత జమ కట్టింది? సమాచార హక్కు దరఖాస్తు రాసి ఉంచాను. సోమవారం ఇస్తాను. ఆ కుర్రాణ్ణి కూడా వెంటబెట్టుకెళతాను.