ఆర్తునికి గోత్రమేల?

2017 ఆగస్టు మొదలుకొని 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మారు వీడి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌ను ఆశ్రయించారు. ఆ వత్సరాంతానికే శిబిరాలలో కంఠసర్పి ప్రబలింది. ఔషధమున్నంత మాత్రాన రోగశాంతి కలుగదు. భీతచిత్తునికి విశ్వాసం కావాలి. అందుకే శరణార్థులలోనే శిక్షణ పొందినవారు గుడిసె గుడిసెకూ వెళ్లి, స్వభాషలో రోగలక్షణాలు వివరించి, వ్యాధిగ్రస్తులను వైద్యశాలకు పంపుతున్నారు.

“అన్యమతస్థుల చింత మనకేల స్వామీ?” అని ఒక భక్తుడు నన్నడిగారు. నిత్యం సంకల్పంలో గోత్రనామాలు అడిగేవాడినే నేను. అది అర్చనకు విధి, ఆర్తుని శుశ్రూషకు కాదు. తిథినియమం లేక వచ్చినవాడే అతిథి. ఇల్లు కాలి వచ్చినవానికంటె అతిథి ఎవరు? మన హైదరాబాదు బాలాపూరులోనూ వారున్నారు. అన్నదానంతో ఆతిథ్యం ముగియదు. వారి వ్యథను వారి భాషలోనే ఆలకించినప్పుడే అది పూర్ణమవుతుంది.