పిల్లల కంటి ఎత్తున ఏముందో చూద్దాం



మా అమ్మాయికి ఏడేళ్లు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే. అక్షరాలు కూడబలుక్కునే వయసు కదా, బస్సెక్కితే చాలు, కిటికీలోంచి కనపడ్డ ప్రతి బోర్డూ పైకి చదువుతుంది. మొన్నొకరోజు బెంగళూరు మెజెస్టిక్ దగ్గర బస్సు ఆగింది. గోడ మీద కాగితం చూసి గట్టిగా చదివింది: "గుప్త రోగ". బస్సులో నలుగురు నవ్వారు. అది మాత్రం నవ్వలేదు. "గుప్తం అంటే దాచిపెట్టింది కదా నాన్నా, మరి గోడకెందుకు అంటించారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఈ ఊళ్లో ఉంటున్న తెలుగువారందరికీ ఈ విజ్ఞప్తి.

ఆ కాగితం పక్కనే పెద్దలకు మాత్రమే అని ముద్ర పడ్డ సినిమా పోస్టరు. కాస్త ముందుకెళ్తే చాక్లెట్ సీసాలకు పైన క్లిప్పులతో వేలాడదీసిన పెద్దల పత్రికల ముఖచిత్రాలు. వీటిలో ఏదీ పిల్లల కోసం పెట్టింది కాదు. కానీ అన్నీ పిల్లలు నడిచే దారిలోనే, వాళ్ల కళ్లకు ఆనే ఎత్తులోనే ఉన్నాయి.

దీనికి చట్టాలు లేవనుకోకండి. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 లోనే కేంద్ర చట్టం నిషేధించింది. స్త్రీలను అసభ్యంగా చూపే ప్రకటనల మీద 1986 చట్టం ఉంది. అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశాల్లో పోస్టర్లు అంటించకూడదని 1981 నాటి కర్ణాటక చట్టం చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ అశ్లీల వస్తువుల బహిరంగ ప్రదర్శనను, తెర మీద చూపేవాటితో సహా, నేరమంటోంది. అలాంటివి పిల్లలకు అమ్మినా, పంచినా, చూపించినా 295వ సెక్షన్ కింద మొదటిసారే మూడేళ్ల వరకు జైలు.

సినిమా సంగతి మరీ చిత్రం. సినిమాకు సెన్సారు ఉంది, పోస్టరుకు లేదు. 'ఎ' సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ణి గేటు దగ్గరే ఆపేయాలి. అదే సినిమాలోని బొమ్మ బడికెదురుగా గోడెక్కితే అడిగేవాడుండడు.

ఒక మాట తేటగా చెప్పాలి. నేను నిషేధం అడగడం లేదు. పత్రికల్లోని బొమ్మల నుంచి పిల్లలను కాపాడాలంటూ వేసిన అజయ్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు 2006 లో గంపగుత్త నిషేధానికి ఒప్పుకోలేదు. అలా చేస్తే పత్రికలన్నీ పిల్లల కోసమే అచ్చవ్వాలి, పెద్దలు చదవడానికేమీ మిగలదు అంది. ఆ మాట న్యాయమే. కళకూ, విజ్ఞానానికీ, గుడి శిల్పాలకూ చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఎయిడ్స్ గురించో కుటుంబ నియంత్రణ గురించో ఆరోగ్య శాఖ పెట్టే బోర్డు అసభ్యం కాదు, అది ఉండాలి.

నా గొడవల్లా చోటు గురించే. చోటు మార్చి తగవు తీర్చుకోవడం ఈ ఊరికి కొత్తా కాదు. 1996 నవంబరులో ఇక్కడి చిన్నస్వామి స్టేడియంలో ప్రపంచ సుందరి పోటీలు పెట్టినప్పుడు నిరసనలు హోరెత్తాయి. పోటీ ఆగలేదు, ఈతదుస్తుల ఘట్టం మాత్రం సీషెల్స్ దీవులకు తరలింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పెద్దల పత్రిక ముఖచిత్రం కింది భాగం కనపడకుండా అడ్డుపలక పెడతారు. జపాన్‌లో పేరున్న చిల్లర దుకాణాల సంస్థలు అలాంటి పత్రికల అమ్మకమే మానేయాలని 2019 లో నిర్ణయించుకున్నాయి.

మన ఊళ్లో బోర్డు మీద కన్నడం అరవై శాతం ఉందో లేదో కొలిచి చూస్తున్నారు. మంచిదే. అక్షరాన్ని కొలవగలిగిన చేతికి బొమ్మ ఎంత ఎత్తున ఉందో కొలవడం కష్టమా?

కాండిమెంట్స్ దుకాణాలు నడిపే తెలుగు సోదరులారా, అమ్మేది అమ్మండి. కానీ పెద్దల పత్రికలను చాక్లెట్ల పక్క నుంచి తీసి వెనక అరలో పెట్టండి. పిల్లవాడు అడిగితే లేదనండి.

అభిమాన సంఘాల తమ్ముళ్లారా, మారతహళ్లిలోనైనా మెజెస్టిక్‌లోనైనా మీ హీరో సినిమాకు అనుమతి తీసుకునే పోస్టరు వేయండి. బడి గోడలనూ బస్టాపులనూ వదిలేయండి. పంపిణీదారు పంపిన పోస్టర్లలో ఏది వీధికి తగినదో మీ చెల్లెలి కళ్లతో చూసి ఎంచండి.

ఇళ్లున్నవారూ, అపార్టుమెంటు సంఘాలవారూ మీ ప్రహరీ బయటి వైపు కూడా మీదేనని గుర్తుంచుకోండి. రాత్రి అంటించిన కాగితాన్ని తెల్లారి ఫోటో తీసి, ఐదు నగర పాలికల్లో మీ ప్రాంతం దేని కిందికొస్తే దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఎవరైనా పిల్లలకు కావాలని అశ్లీల బొమ్మలు చూపిస్తుంటే ఆలోచించకుండా 112 కు గానీ, పిల్లల సహాయవాణి 1098 కు గానీ ఫోన్ చేయండి.

అయితే గుంపుగా వెళ్లి దుకాణం మీద పడొద్దు, ఎవరి మొహానా మసి పూయొద్దు. నెల జీతానికి అంటించే కుర్రాణ్ణి కొట్టొద్దు, అంటించమన్నవాడి పేరు అడగండి.

తల్లిదండ్రులకు ఒకే మాట. పిల్లలు అడిగినప్పుడు కసరకండి. నేను ఆ రోజు మాట దాటేశాను. రాత్రి ఇంటికొచ్చాక, "అది డాక్టరుకు మాత్రమే చెప్పుకునే జబ్బమ్మా, అంటించినవాళ్లదే తప్పు" అని చెప్పాను. అది తలూపి నిద్రపోయింది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంటి నుంచి బడి దాకా నడిచి, నాలుగు చోట్ల ఆగి, మీ పిల్లల ఎత్తుకు వంగి చుట్టూ చూడండి. కనపడింది కాగితం మీద రాసుకోండి. సోమవారం పొద్దున ఆ కాగితమే ఫిర్యాదుగా ఇవ్వండి.

ఇట్లు,
ఈ ఊరి బస్సుల్లో తిరిగే ఒక తండ్రి