యార్డు బైలా కూడా చట్టమే

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దించే ముఠా కూలీ, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో కాంటా దగ్గర నిలబడే దడ్వాయి, గింజ చెరిగి తాలు తీసే చాట కార్మికురాలు... వీళ్లంతా మార్కెట్ కమిటీ ఇచ్చే లైసెన్సు మీద బతుకుతున్నవాళ్లు. లైసెన్సు ఎవరికివ్వాలి, బస్తాకు కూలి ఎంత, ఏ తప్పుకు లైసెన్సు పోతుంది అన్న సంగతుల్లో చాలా భాగం తేలేది కమిటీ చేసుకున్న బైలాల్లోనే. 1966 నాటి మార్కెట్ల చట్టం ఈ అధికారం కమిటీలకు ఇచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నేటికీ అదే పునాది. అయితే బైలా అంటే ఆఫీసు ఉత్తర్వు లాంటిదేననీ, పైవాళ్లు ఎలా చదివితే అలా చెల్లిపోతుందనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. రాజ్యాంగం 13వ అధికరణం మాత్రం చట్టం అంటే ఏమిటో చెబుతూ బైలాను పేరు పెట్టి మరీ అందులో చేర్చింది. చట్టమన్నాక చట్టానికుండే కట్టుబాట్లన్నీ దానికీ ఉంటాయి. ఆ కట్టుబాట్లకు నిలవని బైలా చూపించి కూలీ నోటి దగ్గర కూడు లాక్కోవడం చెల్లదు.

ఈ విషయం తేలి డెబ్బై ఏళ్లు దాటింది. ఉత్తరప్రదేశ్‌లోని కైరానా మునిసిపల్ బోర్డు తన అనుమతి లేనిదే కూరగాయల టోకు వ్యాపారం చేయకూడదని బైలా పెట్టింది. ఆ అనుమతి ఎలా ఇస్తారో మాత్రం బైలాలో ఎక్కడా రాయలేదు. వ్యాపారమంతా ఒకే కాంట్రాక్టరుకు రాసిచ్చింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి నాలుగు నెలలైనా నిండకముందే, 1950 మేలో, సుప్రీంకోర్టు ఆ బైలా చెల్లదంది. రెండేళ్లకు జలాలాబాద్ టౌన్ ఏరియా కమిటీ బైలాలకూ అదే గతి పట్టింది. కమిటీ స్థలం వాడుకున్నందుకు రుసుము తీసుకోమని చట్టం అంటే, కమిటీ ఏకంగా వ్యాపారం చేసినందుకే రుసుము వేసింది. మూల చట్టం ఇవ్వని అధికారంతో వేసిన ఆంక్ష సహేతుకమైన ఆంక్ష అనిపించుకోదని కోర్టు చెప్పింది. రెండు కేసుల్లోనూ ఫిర్యాదుదారులు కూరగాయల వ్యాపారులే. 19వ అధికరణం ఇచ్చే వృత్తి హక్కు వాళ్లకెంతో బస్తా మోసేవాడికీ అంతే.

కోర్టులు మార్కెట్ నియంత్రణకే అడ్డు చెప్పాయని దీనర్థం కాదు. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టాన్ని వ్యాపారులు సవాలు చేసినప్పుడు, 1958లో ఆ చట్టాన్ని నిలబెట్టిన తీర్పు రాసింది సుప్రీంకోర్టు న్యాయమూర్తి, మన కోకా సుబ్బారావే. దళారుల చేతిలో నలిగే రైతుకు సరైన తూకం, సరైన ధర దక్కించడానికి పెట్టిన ఆంక్షలు న్యాయమైనవేనన్నారు. బైలాలకు గీటురాయి కూడా ఇక్కడే దొరుకుతుంది. కాంటాలో మోసం చేసిన దడ్వాయి లైసెన్సు తీసేస్తామన్నా, తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, లేని కూలి అడిగితే, దించేటప్పుడు గుప్పెడు సరుకు పక్కకు తీస్తే శిక్షిస్తామన్నా అది చట్టం ఉద్దేశానికి తగిన నిబంధనే. ఫలానా సంఘం చీటీ తెస్తేనే లైసెన్సు, ఇన్ని రోజులు రాకపోతే నోటీసు లేకుండానే రద్దు అనే నిబంధన ఉంటే, దానికీ రైతు తూకానికీ ఏం సంబంధం? తండ్రి తర్వాత కొడుక్కే లైసెన్సు అనే ఏర్పాటుకూ నా అభ్యంతరం ఇదే, అది కార్మికులకు నచ్చకపోయినా సరే. పనిలో ప్రాణం పోయినవాడి ఇంటికి మొదటి అవకాశం ఇవ్వడం మానవత్వం. బయటివాడికి తలుపే లేకుండా చేయడం మాత్రం కైరానా బోర్డు చేసిన పనే.

ప్రచురణ సంగతి దీనికంటే ముఖ్యం. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి తీర్మానంతో చేసి, ఎక్కడా ప్రకటించని నల్లమందు చట్టం కింద ఒక మనిషికి జరిమానా వేశారు. జనానికి తెలియనివ్వని చట్టం చట్టమే కాదని 1951లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. మన యార్డుల్లో లైసెన్సు బైలాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, కూలీ కంటపడే గోడ మీద ఉండాలి. హమాలీ రేట్ల పట్టిక పక్కనే రద్దుకు కారణాలు, గడువు, అప్పీలు ఎవరికి అన్నవీ ఉండాలి. బోర్డుకయ్యే రంగు ఖర్చు ఏ కమిటీకీ బరువు కాదు.

ఇలా ప్రతి బైలానూ కోర్టు గీటురాయి మీద పెడితే యార్డులో క్రమశిక్షణ ఏం కావాలి అని కమిటీలు అడుగుతాయి. అడగాల్సిన ప్రశ్నే. ముఠా పని ఆపిన రాత్రి రైతు బస్తాల మీదే పడుకోవాలి, వాన పడితే నష్టం అతనిదే. కానీ నోటీసిచ్చి, సంజాయిషీ విని, కారణం రాసి రద్దు చేస్తే క్రమశిక్షణకు వచ్చే లోటేముంది? అలా రద్దు చేస్తే ఆ ఉత్తర్వు హైకోర్టులోనూ నిలుస్తుంది. లైసెన్సుల సంఖ్యకు హద్దు పెట్టకపోతే ఉన్న పని అందరికీ చాలదన్న మాటా నిజమే. హద్దు పెట్టవచ్చు, దానికి లెక్క చూపాలి. ఎలక్ట్రానిక్ కాంటాలొచ్చాక, 2016లో ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్ మొదలయ్యాక దడ్వాయి పని స్వరూపమే మారింది. ఆ పేరుతో లైసెన్సులు తగ్గించాలనుకుంటే పని పోయేవాళ్లను ముందు పిలిచి వినాలి. లైసెన్సు కమిటీ దయతో ఇచ్చింది, హక్కేమిటి అనేవాళ్లకు 1985 నాటి సుప్రీంకోర్టు ఓల్గా టెలిస్ తీర్పు జవాబు: 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉంది.

అసలు చిక్కు బైలా రాసే గదిలోనే ఉంది. మహారాష్ట్రలో మార్కెట్ కమిటీలో హమాలీలకూ తూకందార్లకూ కలిపి ఒక స్థానం చట్టమే ఇచ్చింది, దానికి వాళ్లు ఓటేసి ఎన్నుకుంటారు. 1969 నుంచి మాథాడీ, హమాలీ కార్మికులకు ప్రత్యేక సంక్షేమ చట్టమూ అక్కడుంది. మన కమిటీల్లో రైతులకు, లైసెన్సు వ్యాపారులకు చోటుంది. హమాలీకి కేటాయించిన కుర్చీ లేదు. ఆ కుర్చీ వేయాలంటే రెండు శాసనసభలూ చట్టం సవరించాలి. అంతవరకూ బైలా ముసాయిదాను తెలుగులో ముఠాలకు అందించి, అభ్యంతరాలు రాతలో తీసుకుని, ఒక్కోదానికీ జవాబు మినిట్స్‌లో నమోదు చేయడానికి ఏ సవరణా అక్కర్లేదు. వచ్చే సమావేశం నుంచే మొదలుపెట్టవచ్చు.