గోడలో ఒక కన్నము

భూతదయ అనగానే మనకు దానము గుర్తుకు వచ్చును. చూరున పిచ్చుకలకు వరికంకులు వ్రేలాడగట్టుట, చీమలపుట్టపై నూక చల్లుట, వాకిట నిలిచిన ఆవునకు అరటిపండు పెట్టుట - ఇవి మనము పిల్లలకు చెప్పుచున్న పాఠములు. మంచి పాఠములే, కాదనువారు లేరు. కాని దానమునందు ఒక లోపము కలదు. ఇచ్చు చేయి పైనను, పుచ్చుకొను చేయి క్రిందను ఉండును. ఇచ్చినవానికి తృప్తి వెంటనే కలుగును. పుచ్చుకొన్న ప్రాణికి మేలు కలిగినదా యని విచారించువారు అరుదు. దానముకంటె మిన్నయైన దయ మరియొకటి కలదు. అది ఏమియు ఇయ్యదు, అడ్డు తొలగును. నోరులేని జీవులకు మనుష్యుడు చేయదగిన ఉపకారములలో ఇదియే ముఖ్యమైనదని నా అభిప్రాయము. ఇందుకు మంచి నిదర్శనము నేడు బ్రిటనులోని ఇండ్ల తోటలలో కానవచ్చుచున్నది.

అచ్చటి తోటలలో రాత్రివేళ సంచరించు చిన్న జంతువొకటి కలదు. ఆంగ్లేయులు దానిని హెడ్జ్‌హాగ్ అందురు. హెడ్జ్ అనగా చెట్టుచేమలతో పెరిగిన కంచె. హాగ్ అనగా పంది. కంచెలలో తిరుగుచు, పందివలె మూతితో నేలను కెలకుచు, గురగురలాడును గనుక ఆ పేరు వచ్చినది. మనలో పలువురు దీనిని మన అడవులలోని ముళ్ళపందియే యనుకొందురు. రెండింటికిని ముండ్లున్న మాట నిజము. చుట్టరికము మాత్రము లేదు. ఏదుపంది యని కూడ మనము పిలుచు ముళ్ళపంది, ఎలుక ఉడుతల వర్గమునకు చెందినది. దుంపలను, వేళ్ళను, చెట్ల బెరడును కొరుకును. హెడ్జ్‌హాగ్ చుంచెలుకకు దూరపు బంధువు. పేడపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు, గుల్లలేని నత్తలు దీని ఆహారము. తమిళులు ఈ జాతిని ముళ్ళెలి యందురు. ఎలుక కాకున్నను, మాట తేలికగా ఉండుటచే మనమును ముళ్ళెలుక యని చెప్పుకొందము.

ఎదిగిన ముళ్ళెలుక జానెడు పొడవుండును. కిలో బరువు తూగుటయే అరుదు. దాని వీపుపై అయిదారువేల ముండ్లు. ఆపద తోచగానే తలను, కాళ్ళను లోనికి ముడుచుకొని బంతివలె చుట్టుకొనును. తిత్తి నోటిని త్రాడుతో బిగించినట్లు, చర్మము క్రింద అంచు చుట్టునునున్న కండరము బిగిసికొని దానిని మూసివేయును. నక్క వచ్చి మూతి గుచ్చుకొని వెనుకకు పోవును. లక్షల ఏండ్లు ఈ విద్య దానిని కాపాడినది. కాని దారిపై మోటారు వచ్చినపుడును అది పరుగెత్తుటకు మారుగా ముడుచుకొనును. నక్కను గెలిచిన ఉపాయము చక్రమునకు పనికిరాదు.

ఈ జీవికిని మనుష్యునికిని గల సంబంధము విచిత్రముగా మారుచు వచ్చినది. 1566వ సంవత్సరపు ఇంగ్లండు చట్టమొకటి, పంటకు హాని చేయు ప్రాణుల పట్టికలో దీనిని కూడ చేర్చి, తల ఒక్కింటికి రెండు పెన్నీల బహుమానము నిర్ణయించినది. రాత్రివేళ పండుకొన్న ఆవుల పొదుగులనుండి పాలు త్రాగునని జనులు నమ్మిన కాలమది. చర్చి పెద్దలు ఆ పైకము చెల్లించి లెక్కలు వ్రాసినారు. తరువాత 1905లో బియాట్రిక్స్ పాటర్ తన బాలల కథలో ఇదే జంతువును టోపీ ధరించి బట్టలు ఉదికి ఇస్త్రీ చేయు చాకలి అవ్వగా చిత్రించినది. శత్రువు కాస్త చుట్టమైనది. అప్పటినుండి ఎందరో గృహస్థులు సాయంకాలము తోటలో గిన్నెతో పాలును రొట్టెయు పెట్టి మురిసిపోయిరి. కాని ముళ్ళెలుక కడుపునకు ఆవుపాలు పడవు. త్రాగిన దానికి విరేచనములు పట్టుకొనును. పాలు దొంగిలించునని చంపినవాడును, పాలు పోసి పెంచబూనినవాడును చేసిన తప్పు ఒక్కటియే. ఇద్దరును తమ ఊహనే చూచిరి గాని జంతువును చూడలేదు.

ఇంతలో జంతువు తగ్గిపోవుచు వచ్చినది. బ్రిటనులో ముళ్ళెలుకలు సుమారు 15 లక్షల 50 వేలుండునని 1995లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. 2018లో వెలువడిన అంచనా 8 లక్షల 79 వేలు. లెక్క కట్టు పద్ధతులలో భేదమున్నను, క్షీణతను గురించి సందేహము లేదు. 2020లో బ్రిటను క్షీరదముల ఎర్ర జాబితాలో దీనిని ఆపదకు లోబడిన జాతులలో చేర్చిరి. 2000 మొదలు గ్రామసీమలలో ఆయా ప్రాంతములనుబట్టి నూటికి 30 మొదలుకొని 75 వరకు తగ్గినవని 2022లో వచ్చిన నివేదిక చెప్పినది. కారణములు బయటనే కానవచ్చుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత, పెద్ద యంత్రములు తిరుగుటకు అనువుగా పొలముల నడిమి పచ్చని కంచెలను వేల మైళ్ళ పొడవున పెరికివేసిరి. మందులు చల్లి పురుగులను చంపిరి. పురుగులతోపాటు వానిని తిను జీవులకు తిండి పోయినది. పేరులోని కంచె పోయిన పిమ్మట పేరుగలది మాత్రము ఎట్లు మిగులును?

అయితే అదే నివేదికలో ఒక ఆశారేఖయు కలదు. పట్టణములలో క్షీణత నిలిచి, కొంత కోలుకొను జాడ కనిపించినది. పొలము తరిమివేసిన జీవికి పెరడు ఆశ్రయమిచ్చినది. ఆ పెరళ్ళలో జరిగినదేమో ఇపుడు చూడవలెను.

ముళ్ళెలుక ఒక్క రాత్రిలో కిలోమీటరు మొదలు రెండు కిలోమీటర్ల వరకు నడచును. ఆహారమునకును, జతకును అంత నేల కావలెను. ఎంత శ్రీమంతుని తోటయైనను దానికి చాలదు. ఒక గృహస్థుడు తన తోటను నందనవనముగా చేసి, చుట్టును సందులేని పలకల దడి కట్టినచో, అది ముళ్ళెలుకకు చెరసాల. లేదా మూసిన తలుపు. కావున దానిని కాపాడుట ఒక్కని వలన కాని పని. 1982లో మేజర్ ఏడ్రియన్ కోల్స్ అను సైనికోద్యోగి బ్రిటిషు ముళ్ళెలుకల పరిరక్షణ సంఘమును స్థాపించెను. పశువులు దాటకుండ దారికడ్డముగా త్రవ్వి ఇనుప కమ్ములు పరచిన గోతులలో ఈ జీవులు పడి ఎక్కిరాలేక చచ్చుచుండుట చూచి, ప్రతి గోతిలోను ఒక ఏటవాలు పలక ఉంచవలెనని ఆయన పట్టుబట్టెను. ఎంత చిన్న కోరిక! ఒక పలక! 2011లో ఆ సంఘమును, ఆపన్న జాతుల రక్షణకు పాటుపడు మరియొక సంస్థయు కలిసి ఇంటింటికిని ఇంకొక కోరిక కోరినవి: ఇరుగుపొరుగు తోటల నడుమనున్న దడి అడుగున 13 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక కన్నము. అంతే.

కన్నము అనగా మనకు దొంగ జ్ఞప్తికి వచ్చును. కాని దొంగ ఒక్కడే రాత్రివేళ వేయునది కన్నము. ఇద్దరు పొరుగువారు పగటివేళ కూడబలుకుకొని వేయునది బాట. ఈ భేదములోనే ఈ ఉద్యమపు సారమంతయు ఉన్నది. గిన్నెలో పాలు పోయుటకు పొరుగువానితో మాట్లాడ నక్కరలేదు. గోడలో కన్నము పెట్టుటకు మాట్లాడి తీరవలెను. ఏండ్ల తరబడి పలకరించుకొనని వారు కూడ ఒక జంతువు కొరకు దడి దగ్గర నిలిచి మాటలాడుకొనవలసివచ్చును. ఆ జంతువు ఎవ్వరి సొత్తును కాదు. అది వచ్చినదో రాలేదో చాలసార్లు తెలియను కూడ తెలియదు. కృతజ్ఞతను ఆశింపని దయ అనగా ఇదియే.

తక్కిన సాయములును ఇట్టివే. చేయుటకంటె మానుట ఎక్కువ. తోట యొక మూల ఆకులను ఊడ్వక, పుల్లలను కుప్పగా విడిచిపెట్టవలెను. నవంబరు మొదలు మార్చి వరకు ముళ్ళెలుక అట్టి కుప్పలలో గూడు కట్టుకొని శీతనిద్రలో ఉండును. మేలుకొన్నపుడు నిమిషమునకు సుమారు 190 సారులు కొట్టుకొను గుండె ఆ నిద్రలో 20 సారులకు దిగును. నవంబరు 5వ తేదీన ఆంగ్లేయులు పండుగ మంటలు వేయుదురు; నిప్పు పెట్టుటకు ముందు కుప్పను కదిలించి చూడవలెనని ఏటేట హెచ్చరికలు వెలువడుచుండును. కొలనునకు ఒక ప్రక్క ఏటవాలు రాయి ఉంచవలెను. ఈదగలిగినను నిలువు గట్టు ఎక్కలేదు. గడ్డి కోయు యంత్రమును రాత్రివేళ నడుపరాదు. పెట్టదలచినచో లోతులేని పళ్ళెములో మంచినీరు పెట్టవచ్చును. నత్తలను చంపుటకు చల్లుచుండిన మెటాల్డిహైడ్ అను విషమును ఆరుబయట వాడుటను బ్రిటనులో 2022లో నిషేధించిరి. ఆ నత్తలను తిను జీవి తోటలోనే ఉండగా విషమెందుకని కొందరికైనను తోచియుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పురుగులను తినును గనుక ముళ్ళెలుకను రక్షింపవలెనని వాదించువారు కలరు. ఈ వాదము సులభమైనది, ప్రమాదకరమైనది కూడ. 1974లో స్కాట్లండునకు పడమటనున్న సౌత్ యూయిస్ట్ దీవికి, తోటలోని నత్తలను తినునని, కొన్ని ముళ్ళెలుకలను తెచ్చి విడిచిరి. అవి అంతకుముందు ఆ దీవిలో లేవు. కొద్ది జీవులు వేలైనవి. నేలపై గూళ్ళు పెట్టు తీరపు పక్షుల గ్రుడ్లను తినసాగినవి. 2003లో ప్రభుత్వ సంస్థ వానిని చంపుటకు పూనుకొన్నది. దేశమున అలజడి చెలరేగి, 2007లో ఆ పని మాని, బ్రతికియుండగనే పట్టి ప్రధాన భూభాగమునకు తరలింపసాగిరి. న్యూజీలాండుకు పందొమ్మిదవ శతాబ్దపు వలసవారు కొనిపోయిన ముళ్ళెలుకలు అచ్చటి పురుగులకును, బల్లిజాతులకును, పక్షులకును నేటికిని శత్రువులే. స్వదేశమున అండ కోరు జీవి పరదేశమున పీడయైనది. తప్పు జంతువుది కాదు. ప్రకృతిని తన పనిముట్ల పెట్టెగా ఎంచినవానిది. దయ యనగా ఒక ప్రాణిని మనకు నచ్చినచోటికి తెచ్చుట కాదు. దానికి తగినచోట దానిని ఉండనిచ్చుట.

మనుష్యులకే నిలువ నీడ లేనపుడు ముళ్ళెలుకల గొడవ ఏల యని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. కాని ఈ కన్నమునకు అయిన ఖర్చెంత? ఏ బీదవాని కూడు దీనివలన తరిగినది? జంతువునకు జానెడు త్రోవ ఇయ్యనివాడు ఆ మిగిలినదానిని మనుష్యునకు ఇచ్చినట్లు మనమెన్నడును చూడలేదు. అడ్డు కట్టు బుద్ధి ఒక్కటియే. అది ప్రాణుల తరగతులు చూడదు.

ఇక మన సంగతి. ఈ కులమునకు చెందిన జీవి మన గడ్డపై లేకపోలేదు. మద్రాసు ముళ్ళెలుక యని శాస్త్రజ్ఞులు పిలుచు జాతికి 1851లో హార్స్‌ఫీల్డ్ శాస్త్రనామ మిచ్చెను. అది దక్షిణ భారతమునందు దప్ప లోకమున మరెచ్చటను లేదు. తమిళనాడు, కేరళ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల పొడినేలలలో నివసించును. బ్రిటనులోని దానిని గురించి వారి పసిపిల్లలకు తెలిసినంత, మనదానిని గురించి మన పట్టభద్రులకు తెలియదు. దాని ముండ్లను కాల్చి దగ్గునకు మందుగా వాడు అలవాటు మాత్రము దక్షిణమున కొన్నిచోట్ల నిలిచియున్నది. కాబట్టి రేపే ప్రతి యింటి గోడకును కన్నము పెట్టుడని నేను చెప్పుట లేదు. మన పట్టణపు పెరళ్ళకు అది రాకపోవచ్చును. ముంగిస రావచ్చును, తొండ రావచ్చును, కప్ప రావచ్చును. పూర్వము మన ఇండ్లకు కంపదడులుండెను. గోడలున్నచోట నీరు పోవుటకు తూములుండెను. ఆ సందులగుండ చిన్న ప్రాణులు రాకపోకలు సాగించుచుండెను. నేడు ప్రహరీ గోడలు లేచినవి, పెరళ్ళు సిమెంటు గచ్చులైనవి. ఎవ్వరిని ఆపుచున్నామో తెలియకయే అందరిని ఆపుచున్నాము.

ఉపాధ్యాయులకు నా విన్నప మొక్కటి. భూతదయ పాఠము చెప్పిన దినమున పిల్లలను పాఠశాల గోడ వెంబడి ఒక్కసారి త్రిప్పుడు. వానకాలపు కప్ప ఎటు పోవును, ముంగిస ఎటు దాటును, రాలిన ఆకులను తగులబెట్టునపుడు వానిలో ఏమేమి కాలును అని ప్రశ్నింపుడు. పట్టి తెమ్మనకుడు, పెంచుమనకుడు, చూచి వ్రాయుమనుడు. విద్యార్థులారా! మీకు దొరికిన జీవిని సీసాలో పెట్టుటకంటె, దాని త్రోవ ఎక్కడ మూసుకొనిపోయినదో కనిపెట్టుట గొప్ప విద్య. దానము చేయుటకు ధనము కావలెను. త్రోవ విడుచుటకు మనసొక్కటి చాలును. దానితోపాటు, గోడకు ఆవలివానితో ఒక్క మాట మాట్లాడు ధైర్యము కావలెను.