వృద్ధాశ్రమం నడపడానికీ ఒక చదువు

వృద్ధుల సంరక్షణ రంగంలో పని మూడు రకాలు. వైద్యం చేసేది ఒకటి, దగ్గరుండి సేవ చేసేది రెండోది, సంస్థను నడిపేది మూడోది. మొదటి పనికి మన దేశంలో చదువు ఉంది. రెండో పనికి ఈమధ్య శిక్షణ వచ్చింది. మూడోదానికి మాత్రం ఇంత చదివి ఉండాలి, ఇంత నేర్చి ఉండాలి అన్న నియమం లేదు. ఓల్డేజ్ హోమ్ మేనేజరు కుర్చీలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి కూర్చోవచ్చు, ట్రస్టు చైర్మన్ గారి బావమరిది కూర్చోవచ్చు, హాస్టల్ వార్డెనుగా చేసి వచ్చినవారూ కూర్చోవచ్చు. వాళ్లలో సమర్థులు దొరికితే ఆ ఆశ్రమంలోని పెద్దల అదృష్టం, దొరక్కపోతే వాళ్ల ఖర్మ.

అవసరం చిన్నదేమీ కాదు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో అరవై దాటినవారు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ కలిసి 2023లో వెలువరించిన నివేదిక 2022లో వారి సంఖ్యను 14.9 కోట్లుగా, అంటే జనాభాలో 10.5 శాతంగా లెక్కగట్టింది. 2050 నాటికి అది 34.7 కోట్లు, 20.8 శాతం అవుతుందని అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్ దేశ సగటు కన్నా ముందుంది. 2021 అంచనాల్లోనే అక్కడ వృద్ధుల వాటా 12.4 శాతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఉన్న ఇద్దరిలో ఒకరు బెంగళూరులో, మరొకరు డాలస్‌లో ఉంటే, ఊళ్లో మిగిలిన తల్లిదండ్రుల్ని చూసుకునే పని క్రమంగా సంస్థల చేతికి పోతుంది.

వైద్యం వరకు ఈ చదువుకు పుట్టిల్లు చెన్నై. మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకు ప్రత్యేక ఓపీ ప్రారంభించారు. 1996లో అక్కడే జెరియాట్రిక్ మెడిసిన్‌లో ఎండీ మొదలైంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులు పి.వి. రామమూర్తి వృద్ధాప్య పరిశోధనకు ఒక కేంద్రాన్నే నడిపారు. వయసు మీదపడినవారి మనసును శాస్త్రీయంగా పరిశీలించే పనికి దేశంలో బాట వేసినవారిలో ఆయన ఒకరు. తెలుగు పాఠకుల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. తర్వాత 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం వచ్చింది. దాని కింద ఢిల్లీ ఎయిమ్స్‌లో, మద్రాస్ మెడికల్ కాలేజీలో జాతీయ వృద్ధాప్య కేంద్రాలు వచ్చాయి. ఎంబీబీఎస్ చదివినవారి కోసం ఇగ్నో పీజీ డిప్లొమా ప్రవేశపెట్టింది. సేవ చేసేవారికి నైపుణ్య శిక్షణలో భాగంగా జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సులున్నాయి.

మూడో పనికి చదువు ఎలా పుడుతుందో తెలియాలంటే అమెరికా వైపు చూడాలి. 1963 నవంబర్ 23న ఒహాయో రాష్ట్రం ఫిచ్‌విల్‌లో ఒక నర్సింగ్ హోమ్ తగలబడి 63 మంది చనిపోయారు. అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు అది మర్నాడు కావడంతో ఆ ఘోరం వార్తల్లో అడుగున పడిపోయింది. 1965లో మెడికేర్, మెడికెయిడ్ పథకాలు వచ్చాయి. ప్రభుత్వ సొమ్ము ప్రవహించేసరికి నర్సింగ్ హోములు పుట్టగొడుగుల్లా లేచాయి. డబ్బు తీసుకునేవాడికి అర్హత ఉండాలి కదా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ చొరవతో 1967 సోషల్ సెక్యూరిటీ సవరణల్లో ఒక షరతు చేరింది. మెడికెయిడ్ నిధులు కావాలంటే ప్రతి రాష్ట్రమూ 1970 నాటికి నర్సింగ్ హోమ్ నిర్వాహకులకు లైసెన్సు విధానం పెట్టి తీరాలి. లైసెన్సు వచ్చింది కాబట్టి దానికి పరీక్ష వచ్చింది, పరీక్ష వచ్చింది కాబట్టి విశ్వవిద్యాలయాల్లో కోర్సులు వచ్చాయి. కోర్సులు పెట్టి ఉద్యోగాల కోసం ఎదురుచూడటం మన అలవాటు. అక్కడ వరస తిరగబడింది.

ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఈ లైసెన్సుకు డిగ్రీ తప్పనిసరి. దానిపైన, అనుభవజ్ఞుడైన నిర్వాహకుడి చేతి కింద శిక్షణార్థిగా పనిచేయాలి. ఆ గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఓ క్లెయిర్ ప్రాంగణంలో ఈ కోర్సు చేసేవారు దాదాపు ఏడాది పాటు ఒక సంరక్షణ సంస్థలోనే ఉండి పని నేర్చుకుంటారు. వంటగది, లాండ్రీ, నర్సింగ్, అకౌంట్స్, మరమ్మతులు అన్నీ తిరగాలి. ఆపైన జాతీయ పరీక్ష. 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం నివాసుల హక్కులను రాసిపెట్టింది, సిబ్బంది సౌలభ్యం కోసం మనిషిని మంచానికి కట్టేయడాన్ని నిషేధించింది, సేవకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలన్న నియమానికి దారి వేసింది. లైసెన్సుతో అన్నీ చక్కబడ్డాయని కాదు. 2020లో కోవిడ్ అమెరికాలో అడుగుపెట్టిన తొలి వారాల్లో సియాటిల్ దగ్గరి కిర్క్‌లాండ్‌లో ఒక్క నర్సింగ్ హోమ్‌లోనే పదుల మంది పోయారు. తేడా ఒక్కటే, అక్కడ జవాబు చెప్పవలసిన మనిషి ఫలానా అని చట్టానికి తెలుసు.

ఆసుపత్రి నిర్వహణలో పీజీ చేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు. ఆసుపత్రికి వచ్చినవాడు నయమై వెళ్లిపోతాడు. మంచాలు ఎంత తొందరగా ఖాళీ అయితే అంత బాగా నడుస్తున్నట్టు లెక్క. వృద్ధాశ్రమానికి వచ్చినవారు చాలామంది చివరిదాకా అక్కడే ఉంటారు. అందుకే అక్కడ కొలవవలసినవి వేరు. నెలలో ఎంతమంది జారిపడ్డారు, ఎవరి బరువు తగ్గుతోంది, ఎవరికి వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడ్డాయి, ఒక్కొక్కరు రోజుకు ఎన్ని మాత్రలు మింగుతున్నారు, ఎవరిని చూడటానికి ఆరు నెలలుగా ఎవరూ రాలేదు. ఈ వివరాలు రిజిస్టరులో లేని ఆశ్రమంలో పాలరాతి గచ్చు, పచ్చిక బయలు ఎంత బాగున్నా ప్రయోజనం తక్కువ.

ఈ చదువులో మొదటి పాఠం శరీరం. 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ ఆరు పనులతో ఒక కొలమానం తయారుచేశాడు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీది నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. వీటిలో ఎవరికి ఎన్ని సొంతంగా వచ్చో తెలిస్తే ఎంతమంది ఆయాలు కావాలో లెక్క కట్టవచ్చు. మన దగ్గర చాలాచోట్ల ఈ లెక్క గదుల సంఖ్యను బట్టి జరుగుతుంది. అది లాడ్జి లెక్క. ఇరవై మంది ఉన్న అంతస్తులో అయిదుగురికి ఇద్దరు మనుషులు పట్టి లేపితే తప్ప కదలిక లేనప్పుడు, రాత్రి ఒక్క ఆయాను పెట్టడమంటే ఆ అయిదుగురినీ తెల్లవార్లూ ఒకే పక్కన పడుకోబెట్టడమే. పుండ్లు పడేది అలాగే. కదలలేనివారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలని నర్సులకు తెలుసు. ఆ పనికి మనిషిని ఇవ్వవలసింది మేనేజరు.

రెండో పాఠం మనసు, ముఖ్యంగా డిమెన్షియా. సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోతానని గేటు దగ్గర నిలబడే పెద్దాయన మొండివాడు కాడు, అది జబ్బు లక్షణం. గేటుకు తాళం వేయడం అందరికీ తెలిసిన పరిష్కారం. ఆ వేళకు ఆయనకో పని కల్పించడం, తోడు నడిచే మనిషిని పెట్టడం చదువు నేర్పే పరిష్కారం. తిండి కూడా ఇందులో పాఠమే. మింగడం కష్టమైనవారికి అన్నం ఎంత మెత్తగా ఉండాలో, చారు ఎంత చిక్కగా ఉండాలో వంటమనిషికి చెప్పగలగాలి. లేకపోతే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

మూడోది చట్టం. ఇక్కడ మన మేనేజర్లు తరచుగా చేతులెత్తేస్తారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకుంటారన్న షరతు మీద పిల్లలకు రాసిచ్చిన ఆస్తిని, చూసుకోనప్పుడు తిరిగి తీసుకునే వీలు అందులోని 23వ సెక్షన్ ఇస్తుంది. బతికే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. పెద్దావిడకు అర్ధరాత్రి ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ పెట్టాలో వద్దో కొడుకు న్యూజెర్సీ నుంచి ఒకటి, కూతురు విజయవాడ నుంచి ఇంకొకటి చెబుతారు. ఆవిడ ఏమనుకుంటున్నదో చేరిన మొదటి నెలలోనే అడిగి కాగితం మీద పెట్టించడం మేనేజరు బాధ్యత. ఎలా అడగాలో ఎవరూ నేర్పకపోతే ఎవరూ అడగరు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జపాన్‌లో 2000 నుంచి దీర్ఘకాల సంరక్షణకు నిర్బంధ బీమా ఉంది. ఇక్కడ అలాంటిది లేదు. ఆశ్రమం విరాళాల మీదో, ప్రభుత్వ గ్రాంటు మీదో, పిల్లలు పంపే నెలసరి మీదో నడవాలి. పిల్లలు కట్టడం మానేస్తే ఏం చేయాలన్నది కూడా మేనేజరు తేల్చవలసిన ప్రశ్నే.

2007 చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అన్న లక్ష్యం పెట్టింది. వాటి ప్రమాణాలను నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. సంరక్షణ గృహాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు వచ్చింది. అది చట్టం కాకుండానే ఆ సభ గడువు తీరిపోయింది. కేంద్రం మీద చూపు పెట్టుకుని కూర్చోవలసిన పని లేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు మూలం 2017లో హైదరాబాద్‌లో మొదలైన ప్రయత్నమే. దేశమంతా అందుకున్నది ఆ తర్వాత. తెలుగు రాష్ట్రాలు రెండూ తమ నియమావళిలో ఒక్క వాక్యం చేర్చవచ్చు: పాతికమందికి మించి ఉండే ఆశ్రమానికి శిక్షణ పొందిన నిర్వాహకుడు లేనిదే రిజిస్ట్రేషన్ లేదు. ఆ వాక్యం వస్తే విశ్వవిద్యాలయాలు కోర్సులు పెట్టడానికి ఏళ్లు పట్టదు.

అది వచ్చేలోగా ఈ రంగంలోకి రావాలనుకునే యువతకు దారులు లేకపోలేదు. నర్సింగ్, ఫిజియోథెరపీ, సోషల్ వర్క్, మనస్తత్వశాస్త్రం, ఆసుపత్రి నిర్వహణ, వీటిలో ఏ చదువైనా పునాదిగా పనికొస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింది జాతీయ సామాజిక రక్షణ సంస్థ వృద్ధుల సంరక్షణలో ఏడాది పీజీ డిప్లొమా నిర్వహిస్తూ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను జపాన్, జర్మనీలకు పంపుతోంది. అక్కడ పనిచేసి వచ్చినవారు ఇక్కడి ఆశ్రమాలకు మంచి నిర్వాహకులు కాగలరు, ఆ జీతం ఇచ్చేవారుంటే. ఏ కోర్సులో చేరాలన్నా ముందు ఒక మాట అడగండి: ప్రాక్టికల్ ఎన్ని నెలలు, ఎక్కడ? ఆసుపత్రిలో మాత్రమే అంటే ఇంకో కోర్సు చూసుకోండి. వృద్ధాశ్రమంలో, అదీ రాత్రి డ్యూటీతో కలిపి అంటే ఫీజు కట్టండి.