వయసు మళ్ళినవారి గోల్ఫు పందెము
మన పలాస, టెక్కలి పిల్లల కఱ్ఱాబిళ్ళకు వీధి చాలును. గోల్ఫునకు విశాలమైన పచ్చిక బయలు వలయును. చిన్నబంతిని కఱ్ఱతో కొట్టుచు దూరముననున్న గుంటలో పడవేయుదురు. పూర్తియాటకు 18 గుంటలు. మనకు దాపున విశాఖపట్టణములో 1884లో ఏర్పడిన ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు కలదు.

వృద్ధులు జట్లుగా ఆడునపుడు ఫలితము తేల్చు లెక్కయే నాకు ముచ్చట గొల్పినది. ప్రతివానికిని అతని పూర్వపు టాటలనుబట్టి కొన్ని దెబ్బలు రాయితీగా నిత్తురు. దీనిపేరు హేండికాప్. నాలుగు దెబ్బల గుంటను తాతగారు అయిదింట ముగించిరనుకొనుడు. అచ్చట నొక రాయితీ యున్నచో నాలుగే యైనట్లెంచి రెండు మార్కులిత్తురు. ఆరింట ముగించిన నొకటి, ఏడైన సున్న. పదియైనను సున్నయే, ఋణము లేదు! ఈ పద్ధతిని కల్పించినవాడు ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అను వైద్యుడు. 1932లో ఇంగ్లండునందలి వాలసీలో దీనితో పందెము నడపిరి. నలుగురి జట్టులో గుంటగుంటకును మేలైన రెండు లెక్కలనే గైకొను నేర్పాటును గలదు. అలసినవాని గుంటను తోడివాడు నిలుపును.

హేండికాప్ వయసు నడుగదు, చేతి సత్తువనే చూచును. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి నడివయసువారినే క్రుంగదీయుచున్నది. జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు స్త్రీకి తూకమునుబట్టి కూలి ముట్టుచోట, వ్రేళ్ళు మొద్దుబారిన అవ్వకు రాయితీ యేది? ఆ పని యెఱిగిన సోదరీమణులు తమ కూలిలెక్క వ్రాసి పంపినచో వచ్చు నెల నిచ్చటనే ప్రకటింతును.